కీచురాయి చెవి ఎక్కడుంది? దానికి దిక్కు ఎలా తెలుస్తుంది?

తొలకరి పడ్డాక విశాఖ నలుమూలల నుంచి కీచురాళ్ల మీద చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపేసి, మిగిలినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కీచురాయికి చెవులు కాళ్లలో ఉంటాయని మా అబ్బాయి సైన్సు పుస్తకంలో ఉంది. ఒకదాన్ని పట్టి చూశాం. ఆరు కాళ్లూ తిప్పి తిప్పి చూసినా చెవి లాంటిదేమీ కనిపించలేదు. ఎక్కడ చూడాలి? (ఒక తల్లి, ఎంవీపీ కాలనీ)

ఆరు కాళ్లూ వెతకనక్కర్లేదు. చెవులు ముందు కాళ్లు రెండింటికే ఉంటాయి. మోకాలి మడత దాటి కాస్త కిందికి, పిక్క మొదట్లో, కాలి వెనక వైపు చూడండి. కోలగా, వెండి తెలుపులో మెరిసే చిన్న మచ్చ కనిపిస్తుంది. అదే కర్ణభేరి. మన ఊళ్లో తరచు కనిపించే నల్ల కీచురాయి, అంటే రెక్కల మొదట్లో రెండు పసుపు చుక్కలుండే గ్రిల్లస్ బైమాక్యులేటస్‌లో, ఈ పొర పొడవు సుమారు 0.8 మిల్లీమీటర్లు, వెడల్పు 0.3 మిల్లీమీటర్లు. కాలి ముందు వైపు ఇంకో పొర ఉంటుంది కానీ అది మరీ చిన్నది. వినికిడిలో దాని పాత్ర తక్కువ.

ఉత్త కంటికి ఇది సరిగా ఆనదు. పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం కావాలి. పురుగు కదలకుండా ఉండాలంటే చిన్న డబ్బాలో మూత పెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో ఐదారు నిమిషాలు ఉంచండి. ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతుంది. బయటికి తీశాక కొద్ది నిమిషాలు మగతగా ఉండి మళ్లీ మామూలవుతుంది. చూసేదేదో ఈలోపే చూడాలి. టార్చి పైనుంచి కాకుండా పక్క నుంచి ఏటవాలుగా వేయండి. కాలి చర్మం గరుకు కాబట్టి వెలుగు చెదిరిపోతుంది, నున్నటి పొర మాత్రం తళుక్కుమంటుంది.

ఇంత చేసినా కనిపించలేదంటే మీరు పట్టింది పిల్ల పురుగు అయి ఉండాలి. వీపు మీద రెక్కలు పొట్టిగా మొగ్గల్లా ఉంటే పిల్ల. కర్ణభేరి ఆఖరి కుబుసం విడిచాకే పలచబడి పైకి తేలుతుంది.

ప్రశ్న: తల మీద ఉండాల్సిన చెవి కాలికెందుకు వచ్చింది? పైగా రెండు చెవుల మధ్య ఎడం సెంటీమీటరు కూడా ఉండదు. అయినా ఆడ కీచురాయి చీకట్లో తిన్నగా మగదాని దగ్గరికే ఎలా వెళ్తుంది? (డిగ్రీ విద్యార్థి, సిరిపురం)

మీ రెండో ప్రశ్నలోనే అసలు సంగతంతా ఉంది. కాలిలో చెవి అనగానే పుస్తకాలు ఆశ్చర్యార్థకం పెట్టి ఊరుకుంటాయి. ఆ కాలు లోపల బోలుగా ఉందనీ, ఆ గొట్టం రొమ్ము దాకా వెళ్తుందనీ చెప్పవు.

ముందు చిక్కేమిటో చూద్దాం. మగ కీచురాయి పాట శ్రుతి దాదాపు 5 కిలోహెర్ట్‌జ్, అంటే సెకనుకు ఐదు వేల కంపనాలు. ఆ ధ్వని తరంగం పొడవు గాలిలో సుమారు 7 సెంటీమీటర్లు. పురుగేమో మొత్తం రెండున్నర సెంటీమీటర్లు. అంత పొడవు తరంగానికి ఇంత చిన్న ఒళ్లు అడ్డే కాదు. మన తల ఒక పక్క చెవికి శబ్దాన్ని కొంత ఆపుతుంది. కీచురాయి ఒళ్లు ఆపలేదు. రెండు చెవుల దగ్గరా ధ్వని గట్టితనం ఇంచుమించు ఒకటే. కాలంలో తేడా చూద్దామన్నా ఒక సెంటీమీటరు దూరానికి వచ్చేది సెకనును లక్ష భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు, అంటే 30 మైక్రోసెకన్లు. మామూలు చెవి అయితే ఈ లెక్కతో దిక్కు చెప్పలేదు.

అందుకే దీని చెవి లోపలి నుంచి కూడా వింటుంది. కర్ణభేరి వెనకాల శ్వాసనాళం ఉంది. అది పిక్కలోంచి మోకాలు దాటి, తొడలోంచి ఎక్కి, రొమ్ము పక్కనున్న శ్వాసరంధ్రం దగ్గర బయటికి తెరుచుకుంటుంది. ఎడమ, కుడి కాళ్ల గొట్టాలను రొమ్ములో ఒక అడ్డగొట్టం కలుపుతుంది. మొత్తం అమరిక ఆంగ్ల అక్షరం హెచ్ ఆకారంలో ఉంటుంది. అడ్డగొట్టం నడిమధ్యన పలచని పొర ఉంటుంది. కాబట్టి ఒక్కో కర్ణభేరిని బయటి నుంచి నేరుగా వచ్చిన ధ్వని ఒక పక్క తోస్తే, తన వైపు శ్వాసరంధ్రంలోంచి, అవతలి వైపు శ్వాసరంధ్రంలోంచి తిరిగొచ్చిన ధ్వని రెండో పక్క తోస్తుంది. ఇద్దరు చెరో వైపు నుంచి నెట్టే తలుపు లాంటిదన్నమాట. ఇద్దరూ ఒకేసారి నెడితే తలుపు కదలదు. ఒకరు నెట్టినప్పుడు రెండోవారు లాగితే బాగా ఊగుతుంది.

గొట్టాల్లో ప్రయాణం చేసేసరికి లోపలి ధ్వని కాస్త వెనకబడుతుంది. ఎంత వెనకబడుతుందన్నది పాట ఏ దిక్కు నుంచి వస్తోందన్న దాన్నిబట్టి మారుతుంది. పాట కుడి నుంచి వస్తే కుడి పొర ఎక్కువగా ఊగుతుంది, ఎడమ పొర దాదాపు ఆగిపోతుంది. బయట ఉన్న అతి స్వల్పమైన తేడా లోపలికి వచ్చేసరికి నాడులు పట్టుకోగలిగినంత పెద్దదవుతుంది. 1990లలో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆక్సెల్ మికెల్సన్ ఈ గొట్టాల లెక్కను కొలిచి చూపించాడు. ఈ ఏర్పాటు తన జాతి పాట శ్రుతి చుట్టుపక్కలే బాగా పనిచేస్తుంది. శ్రుతి దూరమయ్యేకొద్దీ దిక్కు మసకబడుతుంది. అడ్డగొట్టంలోని పొరకు చిల్లు పెట్టినప్పుడు కూడా దిక్కు తెలియడం తగ్గిపోయింది.

కర్ణభేరి వెనక వరసగా 60–70 జ్ఞాన కణాలుంటాయి. ఒక్కోటి ఒక్కో శ్రుతికి బాగా స్పందిస్తుంది. వాటి నాడులు రొమ్ములోని నాడీ ముడికి చేరతాయి. అక్కడ ఎడమ, కుడి కణాలు ఒకదాన్నొకటి అణచుకుంటాయి కాబట్టి గెలిచిన పక్క ఇంకా స్పష్టమవుతుంది. గాలి మీద తేలే బంతిపై కీచురాళ్లను నడిపించి చూస్తే పాటలోని ఒక్కో పలుకుకీ 55–60 మిల్లీసెకన్లలో కాళ్లు ఆ వైపు మళ్లాయి. ధ్వని నడిమధ్య నుంచి ఒకటి రెండు డిగ్రీలు పక్కకు జరిగినా అవి పసిగట్టగలవు.

ఇక కాలికే ఎందుకన్నది. చాలా కీటకాల కాళ్లలో నేల అదురును పసిగట్టే అవయవం మోకాలి కింద ముందునుంచీ ఉంది. దాని పక్కనున్న కణాలే గాలిలో ధ్వనికి మళ్లాయి. ఇతర పురుగుల్లో చెవి ఇంకెక్కడెక్కడో మొలిచింది. మిడతకు పొట్ట మొదటి ఖండంలో ఉంటుంది. గొల్లభామకు రొమ్ము కింద, వెనక కాళ్ల మధ్యన, ఒక్కటంటే ఒక్కటే చెవి.

ప్రశ్న: కాళ్లు కాళ్లు రుద్దుకుని అరుస్తుందంటారు, నిజమేనా? (మధురవాడ)

కాదు. రెక్కలు రుద్దుతుంది. కుడి రెక్క అడుగున రంపం పళ్లలాంటి గీర, ఎడమ రెక్క అంచున దాన్ని గీరే గట్టి భాగం ఉంటాయి. అరిచేది మగదే. వెనక కాలిని రెక్కకేసి రాసేవి మిడతలు.

ప్రశ్న: వంటింట్లో రాత్రంతా ఒకటే కీచు. లేచి దగ్గరికి వెళ్లగానే ఆగిపోతుంది, మంచమెక్కగానే మళ్లీ మొదలు. లైటు కూడా వేయకుండా వెళ్లినా దానికెలా తెలుస్తోంది? (గాజువాక)

మీ అడుగు తెలుస్తోంది. ఇందాక చెప్పిన అదురు పట్టే అవయవం ముందు కాళ్లకే కాదు, ఆరింటికీ ఉంటుంది. గచ్చు మీద మడమ ఆనితే పుట్టే అదురు దానికి చాలు. ఇంకా దగ్గరికి వెళ్తే తోక దగ్గరి రెండు పోగులు అందుకుంటాయి. వాటి నిండా సన్నటి వెంట్రుకలుంటాయి. మీ చెయ్యి తోసే గాలికి అవి ఒరుగుతాయి. చెప్పు ఎత్తేలోపే అది గెంతడానికి కారణం ఇదే.

పట్టాలంటే ఇలా చేయండి. చెప్పులు విప్పి, మడమ ఆనకుండా నడవండి. అది అరుస్తున్నప్పుడు మాత్రమే అడుగు వేయండి, ఆగగానే మీరూ ఆగండి. పాడే క్షణాల్లో దాని వినికిడి మొద్దుబారుతుంది. కారణం కింది జవాబులో ఉంది. ఎక్కడుందో తేల్చడం ఇంకో ఇబ్బంది. ఒకే శ్రుతిలో సాగే సన్నని కీచు టైల్స్ మీద, గోడల మీద పడి తిరిగొస్తుంది కాబట్టి మన చెవికి దిక్కు చిక్కదు. పేపరును గొట్టంలా చుట్టి చెవికి పెట్టుకుని గుమ్మంలో నిలబడి మెల్లగా తిప్పండి. గట్టిగా వినిపించిన వైపు గుర్తుపెట్టుకోండి. తర్వాత గదిలో ఇంకో మూలకు వెళ్లి అదే చేయండి. ఆ రెండు దిక్కులూ కలిసే చోట వెతకండి. సాధారణంగా ఫ్రిజ్ వెనక, గ్యాస్ బండ కింద, సింకు గొట్టం గోడలోకి దూరే కంతలో ఉంటుంది. టార్చికి ఎర్ర జిలుగు కాగితం కట్టండి, ఎరుపు దానికి సరిగా ఆనదు. గాజు గ్లాసు బోర్లించి, కిందనుంచి అట్టముక్క దూర్చి బయట వదిలేయండి.

మందు కొట్టడం మా సలహా కాదు. వంటింట్లో ఒక్క పురుగు కోసం అంత విషం దండగ. తలుపు కింద సందు, గొట్టం చుట్టూ కంత మూసేస్తే మళ్లీ రావు.

ప్రశ్న: చెవికి అంత దగ్గరలో అంత గట్టిగా అరిస్తే దానికే చెవుడు రాదా? (ఇంటర్ విద్యార్థిని, గోపాలపట్నం)

రెక్క కదపమని ఆజ్ఞ వెళ్లే సమయంలోనే దాని నకలొకటి వినికిడి నాడుల వైపు వెళ్తుంది. “ఇప్పుడొచ్చేది నా గొంతే, పట్టించుకోకు” అన్న కబురు అది. కేంబ్రిడ్జిలో జేమ్స్ పౌలెట్, బెర్తోల్డ్ హెడ్విగ్ 2002లో దీన్ని గమనించి, 2006లో ఆ కబురు మోసే నాడీకణం ఒకే ఒక్కటని చూపించారు. పలుకు పలుకుకీ అది వినికిడిని అణచి, విరామంలో వదిలేస్తుంది. ఆ విరామంలో పక్క కీచురాయి అరుపు స్పష్టంగానే వినబడుతుంది. వాళ్ల ప్రయోగంలో గమ్మత్తైన సంగతొకటుంది. ఒక రెక్క తీసేసిన కీచురాయి శబ్దం లేకుండా ఉత్తినే రెక్క ఆడిస్తున్నా వినికిడి అణగింది. అంటే చెవిని ఆపుతున్నది శబ్దం కాదు, ఆజ్ఞ.

ప్రశ్న: బడిలో సైన్స్ ఫెయిర్‌కి ఫోన్‌లో మగదాని పాట వేసి ఆడదాన్ని రప్పించాలని చూశాం. ఒక్కటీ కదల్లేదు. ఎక్కడ పొరపాటు జరిగి ఉంటుంది? (సైన్స్ ఉపాధ్యాయుడు, భీమిలి)

ఆలోచన మంచిదే, పాతదే కూడా. 1913లో ఆస్ట్రియాలో యోహాన్ రెగెన్ మగ కీచురాయి పాటను టెలిఫోన్ తీగలో పంపి, అవతలి గదిలో ఆడదాన్ని రిసీవర్ దగ్గరికి రప్పించాడు. ఆడది వాసన పట్టి కాదు, విని వస్తుందని తేలింది అప్పుడే. ఆనాటి ఫోన్ చేసిన పని మీ ఫోన్ చేయలేదంటే తప్పు పాటలోనో, పురుగులోనో, గదిలోనో ఉండాలి.

పాట సంగతి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ పనికిరాదు. ఫోన్లలో రొద తగ్గించే ఏర్పాటు సాగదీసిన కీచును రొదగానే లెక్కగట్టి నొక్కేస్తుంది. రికార్డర్ యాప్‌లో ఆ సదుపాయం ఆపేసి, వేవ్ ఫైలుగా, 44.1 కిలోహెర్ట్‌జ్‌లో, పురుగుకు ఒక అడుగు దూరం నుంచి తీయండి. అంతకంటే సులువు, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో పాట తయారుచేసుకోవడం. 4.8 కిలోహెర్ట్‌జ్ స్వరం 20 మిల్లీసెకన్లు, నిశ్శబ్దం 20 మిల్లీసెకన్లు, ఇలా నాలుగు పలుకులు, ఆ తర్వాత 350 మిల్లీసెకన్ల విరామం. దీన్నే ఐదు నిమిషాలు తిప్పండి. ప్రతి పలుకు మొదలూ చివరా 2 మిల్లీసెకన్లు మెల్లగా పెరిగి తగ్గేలా చేయండి, లేకపోతే టక్కుటక్కుమనే మోత కలుస్తుంది. ఈ కొలతలు పసుపు చుక్కల నల్ల కీచురాయికే. ఇళ్లలో తిరిగే లేత గోధుమరంగు కీచురాయి పాట వేరు, దాని ఆడది దీనికి రాదు.

పురుగు సంగతి. అడవి నుంచి, తోట నుంచి పట్టిన ఆడవి చాలావరకు జతకట్టేసి ఉంటాయి. వాటికి పాట మీద ఆసక్తి తక్కువ. మీ ప్రయోగం దెబ్బతిన్నది బహుశా ఇక్కడే. రెక్కల మొగ్గలతో ఉన్న పెద్ద పిల్లల్ని తెచ్చి, వాటిలో తోక మధ్యన గుడ్లు పెట్టే పొడుగాటి సూది పెరగడం మొదలుపెట్టిన ఆడపిల్లల్ని వేరుచేసి, మగవాటి పాట వినబడని గదిలో పెంచండి. ప్లాస్టిక్ తొట్టి, గుడ్ల అట్టలు, తడిపిన దూది, కాస్త తవుడు, క్యారెట్ ముక్క చాలు. గిన్నెతో నీళ్లు పెట్టకండి, మునిగి చస్తాయి. ఆఖరి కుబుసం విడిచిన వారం, పది రోజులకు ప్రయోగానికి సిద్ధమవుతాయి.

గది సంగతి. గచ్చు మీద, గోడ వారన వద్దు. గోడకు కొట్టి తిరిగొచ్చిన ధ్వని నేరుగా వచ్చినదానితో కలిసి, ప్రతి మూడున్నర సెంటీమీటర్లకూ గట్టి చోటు, మెత్తటి చోటు ఏర్పడుతుంది. పురుగు ఒక్క అడుగు వేస్తే దిక్కు మారిపోయినట్టుంటుంది. నేల మీద మందపాటి దుప్పటి పరచి, చుట్టూ కుర్చీల మీద బొంతలు వేయండి. రెండు మీటర్ల ఎడంలో రెండు ఒకే రకం ఫోన్లు పెట్టండి. ఒకటి పాడాలి, ఒకటి ఊరకే ఉండాలి. రెండింటి కింద స్పాంజి వేయండి, లేకపోతే అదురు విని వచ్చిందేమోనని న్యాయనిర్ణేత అడుగుతారు, మీ దగ్గర జవాబుండదు. పురుగును వదిలే చోట ధ్వని 70–75 డెసిబెల్స్ ఉండేలా శబ్దం పెట్టుకోండి. గది వేడి 26–30 డిగ్రీలు ఉండాలి. ఏసీ గదిలో పురుగు మందగిస్తుంది. సాయంత్రం చీకటి పడ్డాక, ఎర్ర దీపంలో చేయండి.

ఒక్కో ఆడదానికి మూడుసార్లు అవకాశమివ్వండి. ప్రతిసారీ పాడే ఫోన్ వైపు మార్చండి, లేకపోతే కిటికీ గాలికో, వెలుగుకో వచ్చినవి కూడా మీ లెక్కలో పడతాయి. కనీసం పది పురుగులు కావాలి. పిల్లలకు ఇంకొంచెం చూపించాలంటే, పలుకులకూ వాటి మధ్య విరామాలకూ ఉన్న కొలతలు సగం చేసి మళ్లీ వేయండి. శ్రుతి అదే, లయ రెట్టింపు. పట్టించుకునేవి బాగా తగ్గిపోతాయి. ఒక పలుకు మొదలు నుంచి తర్వాతి పలుకు మొదలు దాకా 40 మిల్లీసెకన్లు ఉంటేనే దాని మెదడులోని కణం మేలుకుంటుంది. రికార్డు చేసిన పాటనైతే ఆడాసిటీలో “టెంపో” మార్చాలి. “స్పీడ్” మారిస్తే శ్రుతి కూడా మారిపోయి, ఏ కారణానికి రాలేదో తేలదు.

ప్రశ్న: వానాకాలం వచ్చినా నాకు కీచురాళ్లు వినిపించడం లేదు. మా ఆవిడ వినిపిస్తున్నాయంటోంది. (విశ్రాంత ఉద్యోగి, కంచరపాలెం)

ఆవిడ మాటే నిజమై ఉంటుందండీ. వయసు మీద పడితే ముందు పోయేది సన్న శ్రుతులు, 4 నుంచి 8 కిలోహెర్ట్‌జ్ దాకా ఉన్నవీ వాటిలోనే. కీచురాయి పాడేది అక్కడే. మోతలో పనిచేసినవారికి ఇంకా ముందే పోతుంది. ఒకసారి చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకోండి.

ప్రశ్న: నారుమడిలో కుమ్మరి పురుగు వేర్లు కొరికేస్తోంది. మట్టిలో బతికే దానికీ చెవులుంటాయా? (రైతు, పెందుర్తి)

ఉంటాయి. అదీ కీచురాయి జాతిదే, ముందు కాళ్లలోనే చెవి. కానీ ఆ కాళ్లతోనే తవ్వుతుంది కాబట్టి కర్ణభేరి బయటికి కనిపించదు. చర్మం మడత కింద సన్నని చీలికలో దాక్కుని ఉంటుంది, బురద అంటదు. మగది బొరియ మూతిని బూరలా వెడల్పుగా తవ్వి, లోపల కూర్చుని పాడుతుంది. బొరియ దాని పాటను పెద్దది చేస్తుంది. సాయంత్రం పూట గట్టు వారన సన్నగా కాక బొంగురుగా, ఆగకుండా సాగే జుయ్‌మనే మోత వింటే అక్కడ కర్ర గుచ్చి గుర్తుపెట్టుకోండి. పొద్దున్నే ఆ చోట నీళ్లు నిలగడితే పైకి తేలుతుంది. మిగతా పని కొంగలు, గోరింకలు చూసుకుంటాయి. ఆరిన మడిలో, ఎత్తు పల్లాలున్న మడిలో దీని బెడద ఎక్కువ.

ప్రశ్న: సీసాలో పెంచుతున్న నా కీచురాయి ముందు కాలు ఒకటి విరిగిపోయింది. అది ఇక వినలేదా? మళ్లీ కాలు వస్తుందా? (ఏడో తరగతి, అక్కయ్యపాలెం)

రెండో చెవి ఉంది కదా, వింటుంది. దిక్కు మాత్రం తప్పుతుంది. పాట వేస్తే మంచి చెవి ఉన్న వైపే తిరుగుతూ గుండ్రాలు కొడుతుంది. కాలు మళ్లీ రావడం వయసు మీద ఆధారపడుతుంది. రెక్కలు పూర్తిగా వచ్చేసిందైతే ఇక కుబుసం విడవదు, కాబట్టి కాలు రాదు. పిల్లదైతే తర్వాతి కుబుసాలతో కాలు కాస్త కాస్తగా పెరుగుతుంది. మొదట్లో సన్నగా, పొట్టిగా ఉంటుంది. చెవి పోయిన వైపు నాడీకణాలు కూడా ఊరుకోవు. కొన్ని వారాల్లో కొమ్మలు సాచి, మధ్య గీత దాటి, రెండో చెవి నాడులతో కలుస్తాయి. కాకపోతే మునుపటంత సూటిగా నడవడం రాదు.

సీసా మాత్రం మార్చు. గాజు గోడ మీద కాలు పట్టు దొరకక జారి విరిగి ఉంటుంది. కుబుసం విడిచేటప్పుడు తలకిందులుగా వేలాడటానికి గరుకు చోటు కావాలి. లేకపోతే పాత చర్మంలో కాలు ఇరుక్కుని ఇంకోటి పోతుంది. వెడల్పాటి డబ్బాలో గుడ్ల అట్ట నిలువుగా పెట్టి, మూతకు చిల్లులు పొడిచి, అందులోకి మార్చు.